తెల్లమచ్చ వచ్చిన చెరువు నీళ్లు రాత్రికి రాత్రి వదిలేస్తున్నారు: జరిమానా వేస్తే ఆగుతుందా?

కాళ్ల రైతు:

మాది కాళ్ల. మా రొయ్యల చెరువులన్నిటికీ ఒకటే మురుగు కాలువ. ఎగువవాళ్లు నీళ్లు వదిలేదీ అందులోకే, దిగువన మేము మోటారు పెట్టి తోడుకునేదీ అందులోంచే. పోయిన పంటలో ఎగువ చెరువుకి తెల్లమచ్చ వచ్చింది, రొయ్యల్ని చంపే వైరస్ జబ్బు అది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. తెల్లవారుజామున గట్టు మీదకి వెళ్లేసరికి ఆ చెరువు తూము పలకలు తీసేసి ఉన్నాయి. నీళ్లు సగానికి దిగిపోయాయి. కాకులూ కొంగలూ గట్టంతా వాలాయి. అప్పటికే మా మోటారు రాత్రంతా నడిచింది. వారం తిరక్కుండా రొయ్య మేత తింటోందో లేదో చూడటానికి నీళ్లలో దింపే మా చెక్ ట్రేల్లో మేత మిగలడం మొదలైంది. రొయ్యలు నీరసంగా గట్టు వారకి వచ్చేస్తున్నాయి. ఒకదాన్ని పట్టి తల మీది డిప్ప ఒలిచి వెలుతురుకి పెడితే మచ్చలు కనిపించాయి. 60 కౌంట్ దాకా, అంటే కిలోకి 60 రొయ్యలు తూగేదాకా తీసుకెళ్దామనుకున్న చెరువుని 110 కౌంట్‌లోనే పట్టేయాల్సి వచ్చింది.

ఆ చెరువాయన నాకు పగవాడు కాదు. మా ఇంటి పెళ్లిలో వడ్డన దగ్గర నిలబడిన మనిషి. వరి చేసే రోజుల్లో వంతు తప్పి ఒక్క గంట కూడా నీళ్లు మళ్లించుకుని ఎరగడు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది అదే. మనిషి అదే మనిషి, నడత ఎందుకు మారింది?

రూలు లేక కాదు. మేం పెంచే వెనామీ రకం రొయ్యకి 2009లో అనుమతి ఇచ్చారు. ఆ సాగుకి కేంద్ర ప్రభుత్వ సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టిన నిబంధనల్లోనే ఉంది: జబ్బు వస్తే వల వేసి మాత్రమే పట్టాలి, నీళ్లని క్లోరిన్‌తో శుద్ధి చేసి, ఆ క్లోరిన్ కూడా పోయాకే బయటికి వదలాలి. మా కాలువ మీద ఇది తెలియని రైతు లేడు.

ఊళ్లో అందరూ జరిమానా అంటున్నారు. జరిమానా ఒక్కదానితో ఆగదనేది నా గట్టి నమ్మకం. ఇవాళ నిజం చెప్పినవాడు మునుగుతున్నాడు, దాచినవాడు గట్టెక్కుతున్నాడు. ముందు ఆ లెక్క మారాలి. మీరేమంటారు?

భీమవరం లాయరు:

రైతు గారూ, మీ బాధ అర్థమైంది కానీ మీ నిర్ణయంతో ఏకీభవించలేను. శిక్ష పనిచేయదనడం తేలిక. పడని శిక్ష పనిచేయదు, పడే శిక్ష పనిచేస్తుంది.

న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తల కార్ల సంగతి చూడండి. దౌత్య రక్షణ ఉంది కాబట్టి పార్కింగ్ చలానా కట్టకపోయినా అడిగే నాథుడు లేడు. 1997 చివరి నుంచి 2002 చివరి వరకు కట్టని చలానాలు లక్షన్నర దాటాయి. 2002లో ఆ కార్ల నంబరు ప్లేట్లు పీకేసే అధికారం నగరానికి వచ్చింది. అంతే, ఉల్లంఘనలు దాదాపు 98 శాతం పడిపోయాయి. ఎవరి మనసూ మార్చలేదు, ఎవరికీ భరోసా ఇవ్వలేదు. పట్టుకుంటారని తెలిసింది, మానేశారు.

మన డ్రెయిన్ల మీద రాత్రిపూట తిరిగి తూములు చూసే మనిషి ఎవరు? నీళ్లు చూసుకునే లస్కర్లున్నది పంట కాలువలకి. మురుగు కాలువని పట్టించుకునేవాళ్లేరి? మొదట ఆ మనిషిని పెట్టండి. ఒక చెరువు కరెంటు కనెక్షన్ పోతే రెండో చెరువు తూము తెరుచుకోదు.

అమలాపురం లెక్చరర్:

లాయరు గారూ, మీరు చెప్పిన లెక్కలో ఇంకో సగం ఉంది. శిక్ష లేని ఆ అయిదేళ్లలోనే కొన్ని దేశాల దౌత్యవేత్తల పేరున తలకి వందకి పైగా కట్టని చలానాలు పడ్డాయి. స్వీడన్, నార్వే వాళ్ల పేరున ఒక్కటీ లేదు. రక్షణ అందరికీ ఒకటే. సొంత ఊళ్లో ఏది తప్పుగా చూస్తారో దాన్ని వాళ్లు మోసుకొచ్చారు. అంటే భయమూ పనిచేస్తుంది, కట్టుబాటూ పనిచేస్తుంది. ఒకదాన్ని తెచ్చేటప్పుడు రెండోది చెడిపోతుందా అన్నదే అసలు చూడాల్సింది.

చెడిపోవచ్చు. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది శిశు సంరక్షణ కేంద్రాల్లో చూశారు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా వచ్చేవారు. ఆరు కేంద్రాల్లో ఆలస్యానికి పది షెకెళ్ల చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు, సుమారు రెట్టింపయ్యాయి. అంతకు ముందు టీచరు కాచుకుని కూర్చుంటుందే అన్న మొహమాటం ఉండేది. డబ్బు కట్టాక ఆ మొహమాటం పోయింది. కొన్ని వారాలకి జరిమానా ఎత్తేశారు. అయినా ఆలస్యాలు పాత స్థాయికి రాలేదు. 2000లో అచ్చైన పరిశోధన ఇది.

ఇప్పుడు మన చెరువుకి రండి. లక్షల పంట చేతిలో ఉన్నవాడికి వేలల్లో జరిమానా వేస్తే అది నీళ్లు వదిలే ఖర్చు కింద ముందే లెక్కలోకి ఎక్కుతుంది. మేత ఇంత, డీజిల్ ఇంత, తూము తీసినందుకు ఇంత. ఇవాళ రాత్రి చీకట్లో తీస్తున్నాడంటే పక్కవాడి ముఖం చూడలేననే సిగ్గు ఇంకా మిగిలుందని అర్థం. రసీదు చేతికొస్తే పగలే తీస్తాడు. నా భయం అది.

కుర్రాడు, ఉండి:

మేడం, సిగ్గు, కట్టుబాటు అన్నీ వరి రోజుల మాటలండి. డబ్బు పెద్దదైతే నీతి చిన్నదవుతుంది. రొయ్య వచ్చాక ఊరే మారిపోయింది.

అమలాపురం లెక్చరర్:

బాబూ, డబ్బు పెద్దదైతే నీతి పోవాలని రూలేమీ లేదు. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో 40 దేశాల్లో 17 వేలకి పైగా పర్సుల్ని, దొరికాయని చెప్పి హోటళ్లు, బ్యాంకులు, ఆఫీసుల్లో ఉద్యోగుల చేతికిచ్చారు. ఖాళీ పర్సుల కన్నా డబ్బున్న పర్సుల గురించే ఎక్కువమంది యజమానికి కబురు పెట్టారు. డబ్బు ఇంకా ఎక్కువ పెట్టి చూస్తే కబురు పెట్టినవాళ్లు ఇంకా పెరిగారు. దొంగ అనిపించుకోవడం మనిషికి అంత కష్టం. కాకపోతే ఆ పర్సు తిరిగిచ్చినవాడికి అప్పులవాడు గుమ్మంలో నిలబడి లేడు. మన రైతుకి నిలబడి ఉన్నాడు. తేడా అక్కడ వెతుకు.

ఆకివీడు లీజుదారు:

మేడం ఆ మాట అన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇలాంటి చర్చ ఎక్కడ జరిగినా చివరికి లీజువాళ్ల మీదకే వస్తుంది.

లీజు ముందే కట్టేస్తాం. మేత, మందులు డీలరు దగ్గర అప్పు. పట్టుబడి అయ్యాకే ఆ లెక్క తేలుతుంది. చెరువులో జబ్బని మాట పొక్కిన రోజు ఏమవుతుందో చెప్తాను. పొద్దున్నే డీలరు ఫోన్: ఇక మేత దింపను, పాత బాకీ సంగతి చూడు. పదింటికి కొనేవాళ్ల ఏజెంటు దిగుతాడు. తెల్లమచ్చ రొయ్యకే తప్ప మనిషికి అంటదు, తింటే ఏమీ కాదు, అది అతనికీ తెలుసు. అయినా ఇవాళే పట్టక తప్పదని తెలిసిన మనిషికి ఎవరు పూర్తి రేటు ఇస్తారు? కోసేస్తాడు. సాయంత్రం భూమి గలాయన కబురు పెడతాడు, వచ్చే ఏడాదికి వేరేవాళ్లు అడుగుతున్నారని. నోరు మూసుకుని రాత్రికి రాత్రి పట్టేస్తే ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు.

ఆ పైన బ్లీచింగ్ చల్లి, నీళ్లు కదపకుండా చెరువు అలా ఉంచమంటారు. ఆ రోజులు నా లీజులోంచే పోతాయి, బ్లీచింగ్ డబ్బు నా జేబులోంచే పోతుంది. బాగుపడేది దిగువ చెరువు. చెయ్యకూడదని నేననను. చెయ్యాల్సిందే. కానీ మొత్తం ఖర్చు నిజం చెప్పినవాడి నెత్తిన పెట్టి, వాడు చెప్పలేదని తిట్టడం న్యాయం కాదు.

వల బ్యాచ్ మేస్త్రీ, మొగల్తూరు:

నేను పట్టుబడి బ్యాచ్ నడుపుతాను. అందరికన్నా ముందు తెలిసేది మాకేనండి. వల గుంజేటప్పుడే రొయ్య బరువు తేడా తెలుస్తుంది. ఎవరికీ చెప్పకండి అని పైన కొంత ఇస్తారు. తెల్లారితే అదే వల వేసుకుని వేరే చెరువులో దిగుతాం. వల కడిగి, మందులో ముంచి ఆరబెట్టాలంటే ఒక రోజు పని పోతుంది. సరుకుని బట్టే కూలి, పని లేని రోజు కూలి లేదు. మావాళ్లని లెక్కలోకి తీసుకోకుండా మాట్లాడితే చర్చ సగమే అవుతుంది. ఆరబెట్టిన రోజుకి కూలి ఎవరిస్తారో చెప్పండి, వల మేమే ముంచుతాం.

కాళ్ల రైతు:

లీజు తమ్ముడు రాసిందే నేను మొదట్లో చెప్పాలనుకున్నది. ఇంత విడమరిచి చెప్పలేకపోయాను. మేస్త్రీ గారి మాట మాత్రం నాకు కొత్త. మేమంతా నీళ్లనే చూస్తున్నాం, వలని చూడటం లేదు.

ఒక పక్క మన జిల్లాల్లోనే వేరే పద్ధతి ఉంది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్లకి బర్డ్ ఫ్లూ తేలింది కదా. అక్కడ అధికారులు చంపించిన కోళ్లకి పరిహారం ఉంటుంది. అంతకు ముందే చచ్చిపోయిన కోళ్లకి ఉండదు. ఈ తేడాలోనే కిటుకంతా ఉంది. ఆలస్యం చేసేకొద్దీ పరిహారం వచ్చే కోళ్లు తగ్గిపోతాయి, అందుకే ముందు చెప్పినవాడికే మేలు. రొయ్యకి అలాంటిది ఎందుకు ఉండకూడదు? 1990ల్లో తెల్లమచ్చ టైగర్ రొయ్యని తుడిచిపెట్టాక బీమా కంపెనీలు వెనక్కి తగ్గాయి. ఇన్నేళ్లయినా మా గట్ల మీద బీమా ఉన్న చెరువు వెతికితే గానీ దొరకదు.

భీమవరం లాయరు:

కోళ్లనైతే లెక్కపెట్టి చంపుతారు. నీళ్ల అడుగున ఉన్న రొయ్యని ఎవరు లెక్కపెడతారు? పరిహారం అనగానే రెండు జరుగుతాయి. జబ్బు మోసుకొచ్చే పీతలు రాకుండా గట్టు చుట్టూ కంచె కట్టేవాడు కట్టడం మానేస్తాడు. మేత లేక, ఆక్సిజన్ అందక పోయిన చెరువు కూడా తెల్లమచ్చ ఖాతాలోకి వస్తుంది. జాగ్రత్తపడినవాడి డబ్బుతో జాగ్రత్త లేనివాణ్ణి పోషించినట్టవుతుంది. దీనికి జవాబు చెప్పకుండా పరిహారం మాట నేను ఒప్పుకోను.

ల్యాబ్ టెక్నీషియన్:

లాయరు గారి ఆక్షేపణలో రెండో భాగానికి జవాబు ఉందండి. తెల్లమచ్చ అవునో కాదో వైరస్‌ని పట్టే పీసీఆర్ పరీక్షలో తేలిపోతుంది, ఆక్సిజన్ అందక చచ్చిన చెరువు ఇందులో దొరికిపోతుంది. మొదటి భాగానికి కూడా దారుంది. సీడు, అంటే రొయ్య పిల్లలు, పోసే ముందే కంచె, పైన పక్షుల వల ఉన్నాయని చూసి నమోదు చేసుకున్న చెరువుకే సాయం అనొచ్చు.

నేను రోజూ చూసేది ఇంకోటి. శాంపిల్ తెచ్చేవాళ్లలో చాలామంది డబ్బా మీద చెరువు పేరు రాయరు. అడిగితే చుట్టాల చెరువు అంటారు. పాజిటివ్ అని చెప్పగానే కాగితం వద్దండీ, నోటితో చెప్పండి చాలు అంటారు. అంటే రైతుకి నిజం కావాలి, అది బయటికి పొక్కడమే భయం. అందుకని ఎవరి చెరువన్నది చెప్పకుండా, ఫలానా డ్రెయిన్ మీద పాజిటివ్ వచ్చింది అన్న ఒక్క మాట దిగువ మోటార్లవాళ్లకి వెళ్తే చాలు కదా? ఈ వైరస్ రొయ్య ఒంట్లోంచి బయటపడ్డాక కూడా చెరువు నీళ్లలో కనీసం మూడు నాలుగు రోజులు బతికే ఉంటుంది. ఆ రోజుల్లో నీళ్లు తోడకుండా ఆగితే ఎన్నో చెరువులు దక్కుతాయి. ఏజెంటుకి పేరు తెలియదు, రేటు కోయలేడు.

కాళ్ల రైతు:

మా చిన్న కాలువ మీద పేరు చెప్పకపోయినా సాయంత్రానికి తెలిసిపోతుందమ్మా. అయినా నాకిది నచ్చింది. పేరు తెలియడం వేరు, కాగితం మీద ఉండటం వేరు. ఏజెంటుకి వెళ్లేలోపు మాకు ఒక రాత్రి దొరికినా చాలు.

మేము అనుకుంటున్నది చెప్తాను. కాలువ మీద ఉన్న ప్రతి చెరువూ ఎకరానికి ఇంత అని పంట మొదట్లోనే ఒక నిధిలో వేస్తుంది. జబ్బు వచ్చిందని ముందుగా చెప్పి తూము మూసుకున్నవాడికి బ్లీచింగ్ ఖర్చు, మేస్త్రీ గారి బ్యాచ్‌కి వల ఆరబెట్టిన రోజు కూలి అందులోంచి ఇస్తాం. చెప్పకుండా వదిలినవాడికి ఆ పంట నిధిలో వాటా పోతుంది. రెండోసారి అదే చేస్తే అప్పుడు లాయరు గారు చెప్పిన కరెంటు సంగతి చూస్తాం. మొదటి తప్పుకే కనెక్షన్ పీకించడానికి మా గట్ల మీద ఎవరికీ చెయ్యి రాదు, అందుకే ఆ శిక్ష ఎప్పటికీ పడదు.

చిక్కల్లా భూమి గలవాళ్ల దగ్గరే. వాళ్లలో సగంమంది హైదరాబాద్‌లో ఉంటారు. లీజు కాగితంలో ఈ షరతు రాయించగలిగితే, మధ్యలో చెరువు చేతులు మారినా నిధి నిలుస్తుంది. లాయరు గారూ, అలా రాయొచ్చా?

భీమవరం లాయరు:

రాయొచ్చు. నోటి మాట లీజులకి ఇది కుదరదు. ఏడాది మించిన లీజైతే రిజిస్టర్ చేయించాలి, లేకపోతే రేపు కోర్టులో ఆ షరతుని నిలబెట్టడం కష్టం. నీళ్లు ఆపిన రోజులని లీజు గడువుకి కలిపి పొడిగించాలని కూడా ఒక వాక్యం పెట్టండి. ఆకివీడు తమ్ముడు చెప్పిన నష్టంలో అది కొంత తీరుస్తుంది, భూమి గలాయనకీ ఇందులో పాలు ఉన్నట్టవుతుంది. శిక్ష ముందుండాలనే నా అభిప్రాయం మారలేదు. కానీ మీ కాలువ మీద ఒక పంట ఇలా నడిపి చూడటానికి అడ్డు చెప్పను. నమూనా కాగితం నేను రాసి పెడతాను.

ఆకివీడు లీజుదారు:

గడువు పొడిగించే వాక్యం ఉంటే మా వైపు నలుగురైదుగురు సంతకం పెడతారు. డీలర్ల సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు. మాట పొక్కిన రోజు మేత ఆపేస్తే నిధి ఏం చేస్తుంది? సంతకాల రోజు డీలర్లని కూడా పిలవండి.