అమ్మకి మైట్రల్ వాల్వ్ మార్చాలన్నారు, చిన్న కోతతో చేయించాలా ఓపెన్ సర్జరీనా?

ఖమ్మం_అబ్బాయి:
అందరికీ నమస్తే. మా అమ్మకి 48 ఏళ్ళు, మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు, నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా. ఆరు నెలల నుంచి అమ్మకి ఆయాసం, ముందు మిరప చేలో ఎక్కువసేపు పనిచేస్తేనే వచ్చేది ఇప్పుడు బిందె ఎత్తి నాలుగడుగులు వేసినా ఆగిపోతోంది, రాత్రి వెల్లకిలా పడుకుంటే దగ్గు, రెండు దిండ్లు పెట్టుకుని సగం కూర్చునే నిద్రపోతోంది. గ్యాస్ అనుకుని చాన్నాళ్ళు మందులు మింగింది. చివరికి ఎకో తీయిస్తే మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమపక్క రెండు గదుల మధ్య ఉండే కవాటం) దారి బాగా సన్నబడింది, లీకు కూడా ఎక్కువుంది, చిన్నప్పటి కీళ్ళ జ్వరం వల్ల అన్నారు. అడిగితే పదేళ్ళప్పుడు మోకాళ్ళు వాచి నెలరోజులు బడికి పోలేదని అప్పుడు చెప్పింది.

లీకు ఉంది కాబట్టి బెలూన్‌తో ఆ దారి వెడల్పు చేయడం కుదరదు, వాల్వ్ మార్చాల్సిందే అన్నారు. ఒక డాక్టర్ గారు కుడిపక్క రొమ్ము కింద చిన్న కోతతో చేస్తామన్నారు, ఇంకోచోట ఛాతీ ఎముక కోసి చేసే ఓపెన్ సర్జరీ చేయించుకోండి అన్నారు. అమ్మేమో ఎముక కోస్తమంటే నేను రాను బిడ్డా అని కూర్చుంది. చిన్న కోత అంటే రిస్క్ తక్కువేనా, గుండెని ఆపరు కదా? మెటల్ వాల్వ్ మంచిదా, జంతువుల కణజాలంతో చేసే టిష్యూ వాల్వ్ మంచిదా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్, రెండు వారాల్లో చెప్పమన్నారు.

ఐసీయూ_అక్క:
తమ్ముడూ, నేను కార్డియాక్ సర్జరీ ఐసీయూలో స్టాఫ్ నర్సుని, చూసింది చెప్తా, నిర్ణయం మాత్రం మీ సర్జన్‌తో మాట్లాడే తీసుకో. ముందు ఒకటి తెలుసుకో, కోత చిన్నదే గానీ ఆపరేషన్ చిన్నది కాదు. లోపల పని రెండిట్లోనూ ఒకటే, గుండెని ఆపాల్సిందే, అంతసేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషిన్ పెట్టాల్సిందే. చిన్న కోతలో ఆ మెషిన్ గొట్టాలు ఎక్కువగా గజ్జల్లో ఉండే రక్తనాళాల నుంచి వేస్తారు, కుడిపక్క పక్కటెముకల మధ్య 5 నుంచి 7 సెంటీమీటర్లు తెరిచి పొడుగాటి పరికరాలతో వాల్వ్ కుడతారు, అందుకని మెషిన్ మీద ఉండే టైమ్ కొంచెం ఎక్కువే అవుతుంది.

లాభం తర్వాత తెలుస్తుంది. ఛాతీ ఎముక కోస్తే స్టీల్ తీగలతో కడతారు, అతుక్కోడానికి 6 నుంచి 8 వారాలు, అప్పటిదాకా బిందెలు ఎత్తకూడదు, పక్కకి తిరిగి పడుకోవడం కష్టం, దగ్గితే దిండు గుండెకి హత్తుకోవాలి. చిన్న కోత వాళ్ళు తొందరగా లేచి తిరుగుతారు. అలాగని నొప్పి ఉండదనుకోకండి, పక్కటెముకల దగ్గర నరం గుంజినట్టు ఉంటుంది కొన్నాళ్ళు.

కాలి రక్తనాళాలు బాలేకపోయినా, బైపాస్ కూడా కలిపి చేయాల్సొచ్చినా, ఇదివరకు కుడి ఛాతీలో ఆపరేషన్ అయినా చిన్న కోత కుదరకపోవచ్చు. రెండో డాక్టర్ గారు ఎందుకు వద్దన్నారో అడిగావా? అది అడుగు ముందు. అలాగే మొదటాయన్ని మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు సార్ అని అడుగు, అడగడం తప్పేం కాదు.

గోదారి_గట్టు:
బాబూ నాకు మైట్రల్ మెటల్ వాల్వ్ వేసి పదకొండేళ్ళయింది, నాది ఓపెన్. మీరంతా కోత గురించి ఆలోచిస్తున్నారు, అది రెండు మూడు నెలల మాట, వాల్వ్ మాత్రం జీవితాంతం మోసేది. మెటల్ వేస్తే రక్తం పల్చబడే మాత్ర బతికినన్నాళ్ళూ వేసుకోవాలి, నేను ఎసిట్రోమ్ రోజూ రాత్రి ఏడింటికి వేసుకుంటా, రక్తం ఎంత పల్చగా ఉందో చూసే ఐఎన్ఆర్ టెస్టు చేయించుకుంటూ ఉండాలి, నాకు 2.5 కి 3.5 కి మధ్య ఉండాలన్నారు. తగ్గితే వాల్వ్ మీద గడ్డ కట్టొచ్చు, పెరిగితే రక్తస్రావం. టిష్యూ అయితే ఈ మాత్ర సాధారణంగా మొదటి కొన్ని నెలలే, కానీ పది పదిహేనేళ్ళకి అరిగి మళ్ళీ మార్చాల్సి రావచ్చు. మీ ఊరికి దగ్గర్లో ఐఎన్ఆర్ చేసే ల్యాబ్ ఉందా, ఎవరు తీసుకెళ్తారు, ఇవి చూసుకుని డాక్టర్‌తో మాట్లాడండి. అమ్మకి ఇంకా నెలసరి వస్తుంటే అదీ చెప్పండి, మెటల్ వాల్వ్ వేశాక ఆ మాత్రతో నాకు బ్లీడింగ్ బాగా ఎక్కువై రక్తం పడిపోయింది, సిగ్గుపడి ఎవరికీ చెప్పక చాలా అవస్థ పడ్డాను.

ఆకుకూరలు ఆ మాత్ర పని తగ్గిస్తాయి, గోంగూర తోటకూర తినొద్దంటారని భయపడి మొదట్లో పూర్తిగా మానేశాను, తర్వాత పెళ్ళిలో కడుపునిండా తింటే ఐఎన్ఆర్ తారుమారైంది. మానక్కర్లేదు, వారానికి ఎంత తింటారో అంతే తినాలి, ఒక్కసారిగా పెంచొద్దు తగ్గించొద్దు. ఒళ్ళు నొప్పులకని షాపులో డైక్లో మాత్ర కొనొద్దు, ఊళ్ళో తుంటికి ఇంజెక్షన్ అసలు వేయించొద్దు, కండ లోపల రక్తం కారి గడ్డలా పేరుకుంటుంది.

ఇంకోటి, రాత్రి ఇల్లంతా నిశ్శబ్దమయ్యాక నా వాల్వ్ టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. మొదటి నెల నిద్ర పట్టలేదు. ఇప్పుడు మా మనవరాలు చెవి ఆనించి విని నిద్రపోతుంది.

వరంగల్_శ్రీను:
బ్రో డబ్బు సంగతి కూడా చూస్కో, మన తెలంగాణలో ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబర్లో 10 లక్షలు చేశారు, వాల్వ్ మార్పిడి దాంట్లో వస్తది. చిన్న కోతకి అదనంగా కట్టమంటారా లేదా అడ్మిట్ కాకముందే హాస్పిటల్లో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రని అడుగు. నిమ్స్‌లో కూడా ఓపీ చూపించు ఒకసారి.

ఖమ్మం_అబ్బాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. గోదారి గట్టు గారు, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించా, మనవరాలి మాట దగ్గర రెండోసారి చదవమంది. రెండో డాక్టర్ గారికి ఫోన్ చేశా, అమ్మకి కాలి రక్తనాళాల స్కాన్, యాంజియోగ్రామ్ అయ్యాక చెప్తాను, అవి చూడకుండా చిన్న కోత అని మాటివ్వలేను అన్నారు. ఖమ్మంలో ఐఎన్ఆర్ ల్యాబ్ ఉంది, మా చెల్లి తీసుకెళ్తానంది.

ఐసీయూ_అక్క:
మంచిది తమ్ముడూ. ఒకటి మర్చిపోయా, ఆపరేషన్‌కి ముందే పళ్ళు చూపించండి. పుచ్చుపళ్ళుంటే అప్పుడే తీసేయించాలి, ఆ క్రిములు రక్తంలోకి పోతే కొత్త వాల్వ్‌కే అంటుకుంటాయి. తర్వాత ఎప్పుడు పన్ను పీకించుకోవాల్సొచ్చినా వాల్వ్ ఉందని ముందే చెప్పి యాంటీబయాటిక్ వేసుకోవాలి. ఇంకా ఊపిరి పీల్చే మూడు బంతుల డబ్బా ఉంటుంది చూడు, స్పైరోమీటర్, అది ఇవాళే కొనిపెట్టు. ఊదడం కాదు, లోపలికి పీల్చాలి, మెల్లగా. ఆయాసం వస్తే ఆపెయ్యమను, రెండు బంతులు లేచినా చాలు.