రెండు కొరియాలు ఒకదానినొకటి ఎందుకు గుర్తించలేదు?

ప్రశ్న:
ఉత్తర, దక్షిణ కొరియాలు 1991 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో వేర్వేరు సభ్యదేశాలుగా చేరాయి. అయినా వాటి మధ్య రాయబార కార్యాలయాలు లేవు. దీనికి కారణం ఏమిటో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
గుర్తిస్తే విభజన శాశ్వతమని ఒప్పుకున్నట్లవుతుందన్న భయమే ప్రధాన కారణమండి. దక్షిణ కొరియా రాజ్యాంగం 3వ అధికరణం ద్వీపకల్పమంతటినీ, దాని దీవులనూ తన భూభాగంగానే ప్రకటిస్తుంది. అందుకే ఉత్తరం నుంచి వచ్చినవారిని అక్కడ విదేశీయులుగా కాక పౌరులుగా చూస్తారు. 1991 డిసెంబరులో కుదిరిన ఒప్పందం కూడా ఈ సంబంధాన్ని రెండు దేశాల మధ్య సంబంధంగా కాక, పునరేకీకరణ దిశలో ఏర్పడిన ప్రత్యేక తాత్కాలిక సంబంధంగా పేర్కొంది.

జవాబు 2:
పేర్లను కూడా గమనించాలి. తమ దేశాన్ని ఉత్తరాదివారు చోసన్ అనీ, దక్షిణాదివారు హాంగుక్ అనీ పిలుచుకుంటారు. ఒకే భాష మాట్లాడే జనానికి తమ ఉమ్మడి నేలను పిలుచుకోవడానికి ఒక్క పేరు లేకపోవడం నన్ను ఎంతగానో బాధిస్తుంది.

జవాబు 3:
మొదటి జవాబుకు ఒక చేర్పు. 2023 చివర కిమ్ జోంగ్ ఉన్ పునరేకీకరణ విధానాన్ని విడిచిపెట్టి, రెండింటి మధ్య ఉన్నది శత్రుదేశాల సంబంధమని ప్రకటించారు. 2024 జనవరిలో ప్యాంగ్యాంగ్‌లోని పునరేకీకరణ తోరణాన్ని కూల్చివేశారు. కనుక రెండు పక్షాల వాదనా ఒకటేనని ఇప్పుడు చెప్పలేము. కొరియా యుద్ధాన్ని ఆపిన 1953 జూలై 27 నాటి ఒప్పందం కాల్పుల విరమణ మాత్రమే. శాంతి ఒప్పందం నేటికీ కుదరలేదు.