అప్‌డేట్: ఎల్ఈడీలతో లాంతరు వెలుగు కుదిరింది

నాటకం సెట్‌లో కిరోసిన్ లాంతరు వెలుగును ఎల్ఈడీలతో ఎలా తేవాలని అడిగాను కదా. 2200, 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ ఎరుపు) బల్బులు కలపడమే పొరపాటు. రంగుల పటం మీద ఆ రెంటినీ కలిపే గీత తిన్నగా పోతుంది, వేడికి వెలిగే వస్తువుల రంగులను చూపే గీత వంపు తిరిగి పోతుంది. అందుకే మధ్యలో గులాబీ జీర వచ్చింది.

ఇప్పుడు 1800, 2700 కెల్విన్ బల్బులు పెట్టాను. నిష్పత్తి లెక్క నేరుగా కెల్విన్‌లో వేయకూడదు. 10 లక్షలను కెల్విన్‌తో భాగించాలి. 556, 370 వస్తాయి. లాంతరుకు 2000 అనుకుంటే 500 కావాలి, అంటే 1800, 2700 బల్బుల వెలుగు సుమారు 7:3. ఇది ల్యూమెన్లలో (బల్బు ఇచ్చే వెలుగు కొలత), వాట్లలో కాదు!

పాలగాజు డోమ్ లేకపోతే గోడ మీద రెండు రంగుల నీడలు పడతాయి. మామూలు ఎల్ఈడీ డిమ్ చేస్తే ఎర్రబడదు, మసకబారుతుందంతే. అందుకే వత్తి తగ్గించే సీనులో వెలుగు ఎర్రబడాలంటే ముందు 2700ని దించి, తర్వాత 1800ని దించాలి.