ఐపీ (దివాలా పిటిషన్) పెట్టడమా, ముందు క్రెడిట్ కౌన్సెలింగా?

ఉప్పల్ వాసి:
మా తమ్ముడికి మూడు క్రెడిట్ కార్డులు, ఒక కోఆపరేటివ్ బ్యాంకు లోన్. మొత్తం 9 లక్షలు. జీతం 48 వేలు. "ఐపీ పెట్టేస్తే పీడ వదులుతుంది" అంటున్నాడు. నేను ముందు కౌన్సెలింగ్‌కి పోదామంటున్నాను. మీరేమంటారు?

మలక్‌పేట మిత్రుడు:
కౌన్సెలర్ వచ్చి అప్పు తీర్చడు కదండీ. మా బావకి ఒక సంస్థవాళ్లు "ఈఎంఐలు ఆపేయండి, సగానికి సెటిల్ చేయిస్తాం" అని చెప్పి ముందే ఫీజు తీసుకున్నారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

కూకట్‌పల్లి గృహిణి:
మీ బావగారికి జరిగింది అన్యాయమే అన్నా. కానీ అది కౌన్సెలింగ్ కాదు, సెటిల్‌మెంట్ వ్యాపారం. పైగా సగం కట్టి వదిలించుకుంటే సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర రికార్డులో) "క్లోజ్డ్" అని రాదు, "సెటిల్డ్" అని పడుతుంది. రేపు ఇంటి లోన్‌కి వెళ్తే అదే అడ్డం.

2019లో మాదీ ఇదే పరిస్థితి. బ్యాంకు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రానికి వెళ్లాం, ఫీజు లేదు. అక్కడి రిటైర్డ్ ఆఫీసర్ కార్డు స్టేట్‌మెంట్‌లో నెలకు 3.5 శాతం వడ్డీ అని ఉన్నచోట పెన్నుతో సున్నా చుట్టి, పక్కన 42 అని రాశారు. ఏడాదికి! మినిమం డ్యూ (నెలనెలా కట్టాల్సిన కనీస మొత్తం) కడుతున్నాం కదా అని ధీమాగా ఉన్నదాన్ని, నోట మాట రాలేదు. గాజులు తాకట్టు పెట్టి ముందు ఆ కార్డు కట్టేయమన్నారు. మిగతా బాకీ ఈఎంఐల్లోకి మార్చమని బ్యాంకుకు ఉత్తరం దగ్గరుండి రాయించారు. 26 నెలలు పట్టింది. ఆ గాజులు ఇప్పుడు నా చేతికే ఉన్నాయి.

మలక్‌పేట మిత్రుడు:
జీతం వచ్చేవాళ్లకి సరేనమ్మా. ఉద్యోగం పోయినవాడి సంగతేంటి? రికవరీ వాళ్లు ఇంటి మీదికొస్తుంటే పుస్తకంలో లెక్కలు రాసుకుంటూ కూర్చుంటాడా?

కూకట్‌పల్లి గృహిణి:
నిజమే, ఆదాయమే లేనివాళ్లకి ఐపీ తప్పకపోవచ్చు. రికవరీ వాళ్లయితే ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది. ఆ నిబంధన దాటితే ముందు బ్యాంకుకు, వినకపోతే ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులు వినే అధికారికి) ఫిర్యాదు చేయొచ్చు.

కానీ ఈ తమ్ముడికి 48 వేలు వస్తున్నాయి. మన దగ్గర ఐపీ అంటే ఇంకా 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. కోర్టు దివాలా అని ప్రకటిస్తే ఆస్తి రిసీవర్ (కోర్టు నియమించే అధికారి) చేతికి పోతుంది. చివరికి అతన్ని అప్పుల నుంచి విడుదల చేసినా, హామీ సంతకం పెట్టినవాళ్లకి విడుదల లేదు. ఉప్పల్ అన్నా, ఆ కోఆపరేటివ్ లోన్‌కి హామీ ఎవరు?

ఉప్పల్ వాసి:
సంతకం నాదేనమ్మా. ఈ ముక్క వాడికీ తెలీదు, నాకూ తెలీదు. సోమవారం సెలవు పెట్టి, స్టేట్‌మెంట్లన్నీ పట్టుకుని ఇద్దరం వెళ్తాం.