వైట్ సాక్స్ 2025 సగం సీజన్: 32 గెలుపులకి సంబరపడాలా, 65 ఓటములకి తిట్టుకోవాలా?

సౌత్‌సైడోడు:
2025 ఆల్‌స్టార్ బ్రేక్ (సీజన్ మధ్య విరామం) వచ్చింది, లెక్క తేల్చుకుందాం. మన షికాగో బేస్‌బాల్ జట్టు వైట్ సాక్స్ 97 మ్యాచ్‌లు ఆడి 32 గెలిచి 65 ఓడింది. పోయినేడాది బ్రేక్‌కి 27–71. ఆ 2024 సీజన్ చివరికి 121 ఓటములతో ముగిసి, 1962 నాటి న్యూయార్క్ మెట్స్ పేరు మీదున్న 120 చెత్త రికార్డును కూడా లాక్కుని, దేశమంతా మనల్ని చూసి నవ్వింది కదా, దాని పక్కన నిలబెడితే ఏ జట్టైనా బాగానే కనిపిస్తుంది. అసలు చిక్కంతా అక్కడే. ఇంకో 10 గెలిస్తే చాలు, పోయినేడాది కంటే మెరుగు అనేస్తారు. వంద ఓటములు తప్పించుకోవాలంటే మాత్రం మిగిలిన 65లో 31 గెలవాలి. మూడింట ఒకటి గెలుస్తున్న జట్టు అది చేస్తుందని నాకైతే నమ్మకం లేదు.

ఈ రీబిల్డ్ (స్టార్లని ఇచ్చేసి కుర్రాళ్లతో జట్టుని మళ్లీ కట్టడం) సరైన దారిలో ఉందా లేదా అన్నదే ప్రశ్న. నా మటుకు నాకు కుర్రాళ్ల విషయంలో ఉంది, యజమాని విషయంలో లేదు. జనరల్ మేనేజర్ క్రిస్ గెట్జ్ డిసెంబర్‌లో పిచ్చర్ గారెట్ క్రోషేని బోస్టన్‌కి ఇచ్చి నలుగురిని తెచ్చాడు. మైడ్రాత్, కైల్ టీల్, వికెల్‌మన్ గొంజాలెజ్ అప్పుడే పెద్ద జట్టులో ఆడేశారు, బ్రేడన్ మాంట్‌గోమరీ కింద మైనర్ లీగ్స్‌లో ఉన్నాడు. ఒక్క ట్రేడ్‌కి ఇంత త్వరగా ఫలితం రావడం మామూలు విషయం కాదు. కానీ ఇదే సినిమా మనం ఒకసారి చూశాం. 2016లో క్రిస్ సేల్‌ని అదే బోస్టన్‌కి ఇచ్చి మొంకాడా, కోపెక్‌లని తెచ్చారు, 2017లో కింటానాని మన ఊళ్లోనే ఉన్న కబ్స్ జట్టుకి ఇచ్చి ఎలోయ్, సీస్‌లని తెచ్చారు, 2020, 2021లో ప్లేఆఫ్స్‌కి వెళ్లాం, ఒక్క సిరీస్ కూడా గెలవలేదు. తర్వాత వరసగా 81–81, 61–101, 41–121. ఈసారి ఏం మారిందో ఎవరైనా చెప్పండి.

ఉప్పల్ స్టాండ్:
అన్నా నేను ఇక్కడికొచ్చి మూడేళ్లే, బేస్‌బాల్ ఇప్పుడిప్పుడే ఒంటబడుతోంది, తప్పయితే తిట్టకండి. అసలు రీబిల్డ్‌కి ఐదారేళ్లు ఎందుకు? మన సన్‌రైజర్స్ 2023లో పదో స్థానం, 2024లో ఫైనల్. డెక్కన్ ఛార్జర్స్ 2008లో అట్టడుగు, 2009లో కప్పు. ఏడాదిలో తిరిగిపోయింది! ఇక్కడేమో 'ఓపిక పట్టండి, ఓపిక పట్టండి' అంటూనే టికెట్ డబ్బులు మాత్రం ఇప్పుడే తీసుకుంటారు.

స్కోర్‌షీట్:
ఐపీఎల్‌తో పోల్చకు తమ్ముడూ, రెండింటి యంత్రాంగమే వేరు. అక్కడ వేలం ఉంటుంది, అందరి పర్సూ ఒకటే, కమిన్స్‌ని కావాలనుకుంటే ఆ పూట ఎక్కువ పాడితే వచ్చేస్తాడు. పైగా లీగ్ దశలో 14 మ్యాచ్‌లే, ఇద్దరు ఓపెనర్లు రెండు నెలలు రెచ్చిపోతే ఫైనల్ దాకా వెళ్లొచ్చు. ఇక్కడ 162. అదృష్టం జూన్ వచ్చేసరికే అరిగిపోతుంది. మంచి కుర్రాడు ఒకసారి పైకి వచ్చాడంటే ఆరేళ్ల సర్వీసు దాకా ఆ జట్టు చేతిలోనే ఉంటాడు, మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతానికే ఆడతాడు. కాబట్టి ఎవరూ అలాంటివాడిని ఊరికే వదలరు, నువ్వే డ్రాఫ్ట్‌లో (జట్లు వరసగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట) తీసుకుని పెంచుకోవాలి, లేదా నీ స్టార్‌ని ఇచ్చి తెచ్చుకోవాలి. హైస్కూల్ నుంచి తీసుకున్నవాడు పైకి రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. నిన్నగాక మొన్న ఆదివారం డ్రాఫ్ట్‌లో మనం తీసుకున్న బిల్లీ కార్ల్‌సన్ అలాంటి షార్ట్‌స్టాపే, అతన్ని పెద్ద మైదానంలో చూడాలంటే 2029 దాకా ఆగాల్సి రావచ్చు.

ఇంకోటి చాలామందికి తెలీదు. 121 ఓడినా డ్రాఫ్ట్‌లో మనకి మొదటి పిక్ (ఎంచుకునే అవకాశం) రాలేదు, పదోది వచ్చింది. ముందు పిక్‌ల కోసం కావాలని ఓడేవాళ్లని ఆపడానికి ఇప్పుడు ఆ పిక్‌లకి లాటరీ పెట్టారు. ఆదాయంలో వాటా మిగతా జట్లకి ఇచ్చే పెద్ద నగరం జట్లకి వరసగా రెండేళ్లు లాటరీ పిక్ ఇవ్వరు. పోయినేడాది ఐదో పిక్‌లో హేగన్ స్మిత్‌ని తీసుకున్నాం కాబట్టి ఈసారి పది కంటే పైకి పోనివ్వలేదు. 1900 తర్వాత ఎవరూ ఓడనన్ని మ్యాచ్‌లు ఓడి, ఆ ఓడినందుకు దక్కాల్సినది కూడా దక్కించుకోలేదు. ఇంత శ్రద్ధగా నష్టపోవడం మనకే చేతనవుతుంది.

అన్నట్టు డెక్కన్ ఛార్జర్స్ కప్పు కొట్టిన మూడేళ్లకి జట్టే లేకుండా పోయింది, ఆ ఉదాహరణ వద్దులే.

అరోరా అక్క:
మీరందరూ స్టాండింగ్స్ చూసి మాట్లాడుతున్నారు, మ్యాచ్‌లు చూస్తున్నారా? నేను మా పిల్లలతో దాదాపు రోజూ చూస్తున్నా. (ఏప్రిల్, మేలలో మా కేబుల్‌లో ఛానెలే రాలేదు, చివరికి యాంటెనా కొనుక్కొచ్చి కిటికీకి తగిలించాం, అది వేరే కథ.) పోయినేడాది ఆరో ఇన్నింగ్స్‌కి టీవీ కట్టేసేవాళ్లం, 21 మ్యాచ్‌లు వరసగా ఓడిన జట్టు అది. ఈ ఏడాది ఒక్క రన్ తేడాతో పోయినవే బోలెడు. అంటే ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా మ్యాచ్‌లో ఉంటున్నాం. బుల్‌పెన్ (చివర్లో దిగే పిచ్చర్లు) ఇంకాస్త గట్టిగా ఉంటే ఈ 32 పక్కన ఇంకో ఆరేడు చేరేవి.

పిచ్చర్ షేన్ స్మిత్ సంగతి చూడండి. మిల్వాకీ బ్రూవర్స్ జట్టు తమ నలభై మంది జాబితాలో పెట్టకుండా వదిలేస్తే రూల్ ఫైవ్ డ్రాఫ్ట్‌లో లక్ష డాలర్లకి తెచ్చారు. ఈ సీజన్ అంతా పెద్ద జట్టులోనే ఉంచుకోవాలి, లేదంటే వెనక్కి ఇచ్చేయాలి, అదీ షరతు. ఆ కుర్రాడు ఇవాళ ఆల్‌స్టార్! టీల్ క్యాచింగ్ చూస్తే ముచ్చటేస్తుంది, అటు ఎడ్గార్ కేరో కూడా క్యాచరే, ఇద్దరూ చిన్నవాళ్లే. పోయినేడాది మన దగ్గర .104 సగటుతో (వంద సార్లకి పది హిట్లే) తేలిన మిగెల్ వార్గస్ ఈసారి బ్యాటర్‌లా కనిపిస్తున్నాడు. మేనేజర్ విల్ వెనబుల్‌కి మొదటి సంవత్సరం, ఇంతమంది కొత్తవాళ్లతో డగౌట్‌లో తిట్లూ గొడవలూ లేకుండా నడిపిస్తున్నాడు, దానికి కూడా కొన్ని మార్కులు వేయాలి.

కబ్స్ అల్లుడు:
ప్రతి జట్టు నుంచి కనీసం ఒక్కర్ని ఆల్‌స్టార్‌కి తీసుకోవాలనేది రూల్ అక్కా, మీకున్న ఒక్కడూ అతనే. 😀

మేం 2012లో 101 ఓడాం, 2016లో కప్పు కొట్టాం. అంతే విషయం. రీబిల్డ్ చేయడం రావాలి.

అరోరా అక్క:
వచ్చారు అల్లుడుగారు, మర్యాదలు చేయండి ఎవరైనా. రూల్ సంగతి నాకూ తెలుసు. మొదటి ఏడాది పిచ్చర్ సగం సీజన్ స్టార్టర్‌గా నిలబడ్డాడు, అది చూడండి. అయినా 2016కి ముందు మీ వాళ్లు జాన్ లెస్టర్‌కి 15.5 కోట్ల డాలర్లు పోశారు, ఆ ముక్క మింగేశారేం?

బుల్‌పెన్ బాబాయ్:
అమ్మాయి సరిగ్గా చోటు పట్టుకుంది. కబ్స్ కుర్రాళ్లని పెంచుకుని, వాళ్లు తయారయ్యే సమయానికి సంచి విప్పింది. కాన్సస్ సిటీ రాయల్స్ 2023లో 106 ఓడి, ఆ శీతాకాలమే లూగో, వాకాలని కొని, బాబీ విట్‌కి 28.8 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చి, 2024లో ప్లేఆఫ్స్ ఆడింది. కాన్సస్ సిటీ ఎంత, షికాగో ఎంత? మన జట్టు చరిత్రలో అతి పెద్ద ఒప్పందం ఎవరిదో తెలుసా, బెనింటెండిది. 7.5 కోట్ల డాలర్లు. పది కోట్లు అనే అంకె మన ఆఫీసులో ఎవరూ ఇంతవరకు రాయలేదు. అదే క్రోషేకి బోస్టన్ ఏప్రిల్‌లో ఆరేళ్లకి 17 కోట్లు రాసిచ్చింది, మొన్న శనివారం టాంపా బే రేస్ జట్టు మీద ఒక్క రన్ కూడా ఇవ్వకుండా తొమ్మిది ఇన్నింగ్స్ వేసి 1–0తో గెలిపించాడు. మనం డ్రాఫ్ట్ చేసిన పిల్లాడే. చూస్తుంటే కడుపు మండదా?

నేను ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా ఉన్నాను, 2005 చూశాను, హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ని 4–0తో కొట్టి 1917 తర్వాత కప్పు తెచ్చిన ఏడాది. మొన్న ఆ జట్టు ఇరవయ్యేళ్ల పండగకి అప్పటి పిచ్చర్ బుర్లీ విగ్రహం పెట్టారు, ఆ వారం ముందే ఆ జట్టులోని ఇంకో పిచ్చర్ బాబీ జెంక్స్ చనిపోయాడు, అక్కడున్నవాళ్లందరికీ గొంతు పట్టేసింది. ఆ జట్టుకీ ఇదే యజమాని, రైన్స్‌డార్ఫ్ 1981 నుంచి ఉన్నాడు. ఒక్క కప్పు తెచ్చాడు, కాదనను. కానీ విత్తనాలు మంచివి తెచ్చి నీళ్లు పెట్టని రైతు పొలంలాగా ఉంది ఇది, ప్రతిసారీ మొలక దాకా వస్తుంది, తర్వాత ఎండిపోతుంది. జస్టిన్ ఇష్బియాకి జట్టు అప్పజెప్పే ఒప్పందం జూన్‌లో ప్రకటించారు, బాగుంది, కానీ అది ఎంత తొందరగా అన్నా 2029, లేటయితే 2034 తర్వాతే. 2034 దాకా సాగితే ఈ టీల్, మైడ్రాత్‌ల ఆరేళ్లు అప్పటికి అయిపోతాయి కదా. నా టెన్షన్ అంతా అదే. పోప్ గారే మన జట్టు అభిమాని అని తేలింది, ఆయన చెప్పినా రైన్స్‌డార్ఫ్ వింటాడో లేదో.

స్కోర్‌షీట్:
బాబాయ్ డబ్బు విషయంలో మీతో గొడవ లేదు. కానీ అంతా యజమాని మీదకి తోసేస్తే గెట్జ్‌కి ముందు జట్టు నడిపిన పాత ఆఫీసు చేసిన తప్పులు దాక్కుంటాయి. ఆండ్రూ వాన్ 2019లో మూడో పిక్. ఈ ఏడాది .189 సగటుతో కొట్టి ట్రిపుల్ ఏకి (పెద్ద జట్టుకి ఒక మెట్టు కిందికి) పోయాడు, జూన్‌లో బ్రూవర్స్‌కి ఇచ్చేశాం. అక్కడ మొదటిసారి బ్యాట్ పట్టుకోగానే డాడ్జర్స్ మీద హోమ్‌రన్! మూడో పిక్‌ని ఇన్నేళ్లు తయారు చేయలేనిది పక్క రాష్ట్రం వాళ్లు నెలలోపు దారిన పెట్టారంటే అది చెక్కు పుస్తకం జబ్బు కాదు, కోచింగ్ జబ్బు. 2021 జట్టు కూలిపోయింది కూడా సగం ఇందుకే, మొంకాడా, ఎలోయ్ ఇద్దరూ ఇరవై రెండేళ్లప్పుడు ఎక్కడున్నారో ఇరవై ఆరులోనూ అక్కడే ఉన్నారు.

అందుకే నేను కోల్సన్ మాంట్‌గోమరీని గమనిస్తున్నా. మన ట్రిపుల్ ఏ జట్టు షార్లట్‌లో ఘోరంగా ఆడుతుంటే ఏప్రిల్ చివర అరిజోనా పంపించి బ్యాటింగ్ మొదటి నుంచి సరిచేయించారు. జులై 4న డెన్వర్‌లో పైకి తెచ్చారు. ఇప్పుడే తీర్పు చెప్పలేం, ఇంకా హోమ్‌రన్ కూడా కొట్టలేదు. కానీ పాత ఆఫీసయితే అతన్ని షార్లట్‌లోనే వదిలేసి 'వాడే సర్దుకుంటాడు' అనేది. సెప్టెంబర్‌లో ఇతను పద్ధతిగా ఆడుతుంటే, ఈ రీబిల్డ్ పాతదాని కంటే మెరుగని నేను ఒప్పుకుంటా, గెలుపులు 50 అయినా 60 అయినా.

ఉప్పల్ స్టాండ్:
సరే అర్థమైంది, వేలం లేదు, దగ్గరి దారి లేదు. మరి బాల్టిమోర్ ఓరియోల్స్? 2018లో 115, 2021లో 110 ఓడి, 2023లో 101 గెలిచారు, ప్లేఆఫ్స్‌లో మూడుకి మూడూ ఓడారు, ఈ ఏడాది మళ్లీ కిందే ఉన్నారు. కుర్రాళ్లందరూ పైకి వచ్చాక కూడా అంతేనా? అప్పుడు ఆ ఆస్ట్రోస్ కథ, 2013లో 111 ఓడి 2017లో కప్పు, అది ఎన్నిట్లో ఒకటి?

బుల్‌పెన్ బాబాయ్:
మంచి ప్రశ్న అడిగావు బాబూ. ఆ ఓరియోల్స్ కూడా కుర్రాళ్ల మీదే బండి లాగించారు, పిచ్చర్లకి పెద్ద ఒప్పందాలేవీ రాయలేదు. మళ్లీ నా పాటే నేను పాడతా.

సౌత్‌సైడోడు:
అయితే అసలు విషయానికి వద్దాం, జులై 31 ట్రేడ్ గడువు. లూయిస్ రాబర్ట్‌ని ఏం చేయాలి? 2023లో 38 హోమ్‌రన్‌లు కొట్టినవాడు ఇప్పుడు .200 సగటు కూడా దాటట్లేదు. వచ్చే ఏడాదికి జట్టు కావాలంటే 2 కోట్ల డాలర్లకి ఉంచుకునే ఆప్షన్ ఉంది. ఇప్పుడు అమ్మితే చిల్లర వస్తుంది, ఉంచితే ఆ డబ్బు కట్టాలి. నా ఓటు అమ్మేయడానికే. ప్రతి ఏడాదీ ఏదో ఒక కండరం పట్టేసి నెలలు కూర్చునేవాడి మీద ఆశ పెట్టుకోవడం మానేద్దాం, ఆ చోటు ఇరవై మూడేళ్లవాడికి ఇద్దాం.

అరోరా అక్క:
నేను ఒప్పుకోను తమ్ముడూ. ఇంత కింద ఉన్నప్పుడు అమ్మడమంటే ఎదుటివాడికి దానం చేయడమే. సెంటర్‌ఫీల్డ్‌లో అతని ఫీల్డింగ్ ఇప్పటికీ ఆ కుర్ర పిచ్చర్లకి ఎన్నో రన్‌లు ఆపుతోంది, దాన్ని ఎవరూ లెక్కేయట్లేదు. అమ్మాల్సింది హౌజర్ లాంటివాళ్లని. మేలో ఉచితంగా దొరికాడు, అద్భుతంగా వేస్తున్నాడు, వయసు ముప్పై దాటింది, మనం మళ్లీ గెలిచే నాటికి ఇక్కడ ఉండడు. వాడికి మంచి ధర వస్తుంది.

కబ్స్ అల్లుడు:
హౌజర్‌ని మాకివ్వండి, ఈసారైనా మాకు లాభం చూపించండి. కింటానా బేరంలో మీరు మమ్మల్ని నిలువునా దోచారు.

స్కోర్‌షీట్:
అల్లుడుగారికి ఇల్లే ఇస్తాం, హౌజర్ ఎంత. మంచి పిచ్చర్ కుర్రాడొకడిని పంపించండి, మాట్లాడుకుందాం.

రాబర్ట్ విషయంలో నేను అక్క వైపే. మన జీతాల బిల్లు లీగ్‌లో కింది నుంచి వెతుక్కోవాల్సినంత తక్కువ, 2 కోట్లు కడితే మునిగేది ఏమీ లేదు. వచ్చే ఏడాది సగానికి అతను కోలుకుంటే అప్పుడు సరైన ధరకి ఇవ్వొచ్చు. శుక్రవారం పిట్స్‌బర్గ్‌లో మళ్లీ మొదలవుతుంది, గడువుకి ఇంకా రెండు వారాలుంది, ఈలోపు ఫామ్‌లోకొస్తే ఇంకా మంచిది.

బుల్‌పెన్ బాబాయ్:
ఆ 2 కోట్లు నువ్వూ నేనూ కట్టేది కాదు కదా నాయనా. ఆ రైన్స్‌డార్ఫ్ కడతాడా?