ఫ్రీజర్‌లో పెట్టిన గోరింటాకు పండదా? తప్పు ఫ్రీజర్‌దా, చర్మానిదా?

సన్నగీత
గోరింటాకు పెట్టడమే పనిగా పెట్టుకుని నాకు ఆరేళ్లయింది. పొడి తెచ్చి నేనే కలుపుతాను, కోన్లు చుట్టి ఫ్రీజర్‌లో దాస్తాను. ఈమధ్య పదేపదే ఒక మాట వింటున్నాను: "ఫ్రీజర్‌లో పెట్టింది పండదటగా, అప్పటికప్పుడు కలిపి తేగలరా?" తోటి ఆర్టిస్టుల్లో కూడా కొందరు ఇదే అంటున్నారు. నేను ఒప్పుకోను. పండకపోతే నూటికి తొంభైసార్లు తప్పు చర్మం తయారీలోనే ఉంటుందని నా నమ్మకం.

పోయిన నెల ఇద్దరు అక్కచెల్లెళ్లకు ఒకే రోజు, ఒకే సంచిలోంచి తీసిన కోన్లతో పెట్టాను. ఆరు వారాలు ఫ్రీజర్‌లో ఉన్న ముద్ద అది. మూడో రోజు ఇద్దరూ ఫొటోలు పంపారు. అక్క చేతులు ముదురు ఎరుపు. చెల్లెలి అరచేతులు కూడా అంతే ఎరుపు. కానీ మణికట్టుకు రెండు వేళ్ల పైన తీగ ఉన్నట్టుండి పాలిపోయి నారింజ రంగుకు వచ్చేసింది. మధ్యలో తెగలేదు, ఒకే గీత, సగం ఎరుపు, సగం నారింజ. ఫోన్ చేసి అడిగితే, పొద్దున ముంజేతులకు సన్‌స్క్రీన్ రాసుకున్నానని, నేను రాగానే సబ్బుతో మణికట్టు దాకా కడుక్కున్నానని చెప్పింది. నీళ్లు ఆగిన చోటే రంగు ఆగింది. ముద్దే పాడైపోయి ఉంటే గీత మొత్తం అలాగే ఉండాలి కదా?

కాదనేవాళ్లు కారణం చెప్పండి, నేర్చుకుంటాను.

తాజాముద్ద
కాదంటాను. ముందుగా, మీ సాక్ష్యం అంత గట్టిది కాదండి. అరచేతిలో పండినంతగా ముంజేతిపై ఎప్పుడూ పండదు. అది సన్‌స్క్రీన్ రాసినా రాయకపోయినా అంతే.

ఇక ఫ్రీజర్ సంగతి. మూడు నెలలు దాచిన కోన్లు తీసి చూశాను. కొన కత్తిరించగానే ముందు గోధుమరంగు నీళ్లు కారాయి, ఆ తర్వాతే ముద్ద వచ్చింది. ఆ నీళ్లు గీత పక్కకు పాకి, సన్నగా గీసిన రేకులన్నీ అలుక్కుపోయాయి. తాజాగా కలిపిన ముద్దకు నాకెప్పుడూ ఇలా కాలేదు. మన చెయ్యి నమ్మి కూర్చున్న మనిషికి నిన్న కలిపింది పెట్టడం వేరు, మూడు నెలల కిందటిది పెట్టడం వేరు. నేను ముందు రోజు రాత్రి కలుపుతాను, మర్నాడు వాడతాను, మిగిలితే పారేస్తాను. పొడి దండగైనా సరే.

ప్రయోగశాల
ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది. నేను కెమిస్ట్రీ చదివాను, ఇంట్లోవాళ్లకు గోరింటాకు పెడుతుంటాను, అందుకే ఇందులో దూరుతున్నాను.

గోరింటాకులో రంగు తయారై ఉండదు. దాని మూలపదార్థం చక్కెరతో ముడిపడి ఉంటుంది. పొడిని నీళ్లతోనో, కాస్త పుల్లటి ద్రవంతోనో కలిపితే ఆ ముడి మెల్లగా విడిపోతుంది. విడిపోయింది గాలి తగిలి లాసోన్ అనే రంగుగా మారుతుంది. ఈ లాసోన్ చర్మం పైపొరలోని కెరటిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. అలా అతుక్కున్నదాన్నే మనం పండింది అంటున్నాం. చిక్కల్లా ఎక్కడంటే, ఈ విడుదలైన రంగుకు ఓపిక ఉండదు. గది వేడిలో వదిలేస్తే ముద్దలోని మిగతా పదార్థాలతోనే కలిసిపోయి, చర్మానికి ఇచ్చేందుకు ఏమీ మిగలదు. వేడి ఎక్కువైతే రంగు త్వరగా విడుదలవుతుంది, త్వరగానే చచ్చిపోతుంది.

చలి చేసేది ఒక్కటే, ఈ మార్పుల వేగం తగ్గించడం. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నడుస్తుంది. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో దాదాపు ఆగిపోతుంది, నెలల తరబడి ఉంటుంది. కాబట్టి "ఫ్రీజర్‌లో ఎన్నాళ్లుంది" అన్నది కాదు, "ఫ్రీజర్‌లోకి వెళ్లే ముందు ఎన్ని గంటలు బయట ఉంది" అన్నది అడగండి. ముద్ద మంచి బలం మీద ఉన్నప్పుడు గడ్డకడితే ఆ బలమే నిలుస్తుంది. రెండు రోజులు వాడగా మిగిలినదాన్ని పెడితే నిలిచేది ఆ మిగులే. ఫ్రీజర్ దాన్ని బాగు చెయ్యలేదు.

బలం మీద ఉందో లేదో తెలుసుకోవడం సులువు. అరచేతిలో చిన్న చుక్క పెట్టి అయిదు నిమిషాలకు తుడవండి. స్పష్టమైన నారింజ మచ్చ పడితే సిద్ధం. పొడిని బట్టి, గది వేడిని బట్టి మారుతుంది గానీ 25 డిగ్రీల దగ్గర నాకు సాధారణంగా 8 నుంచి 12 గంటల్లో వస్తుంది.

కొత్తకోన్
నేను ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను, తప్పుగా అడిగితే ఏమీ అనుకోకండి. ఫ్రీజర్‌లోంచి తీశాక నీళ్లు కారకుండా ఏం చెయ్యాలి? తీసిన కోన్లు మిగిలితే మళ్లీ పెట్టొచ్చా? రేపే ఒకరికి పెట్టాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

సన్నగీత
టెన్షన్ పడకు తల్లీ. నేను చేసేది చెబుతాను.

అన్ని కోన్లూ ఒకే సంచిలో పెట్టవద్దు. ఒక్కసారికి సరిపడా ఎన్నో అన్నే ఒక జిప్ సంచిలో, గాలి నొక్కేసి పెట్టు. తీసేటప్పుడు ఆ సంచిని మూసే ఉంచి గది వేడికి రానివ్వు. తొందరపడి తెరిచావంటే చల్లటి కోన్ల మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. కోన్ చుట్టలో సందుంటే ఆ తడి లోపలికి కూడా పోతుంది. వేడినీళ్లలో ముంచడం, మైక్రోవేవ్‌లో పెట్టడం అసలు వద్దు. మెత్తబడ్డాక కొన కత్తిరించకముందే, వేళ్లతో పైనుంచి కిందకి, కిందనుంచి పైకి బాగా పిసుకు. విడిపోయిన నీళ్లు మళ్లీ ముద్దలో కలిసిపోతాయి. తాజాముద్ద గారికి కారిన నీళ్లు కూడా అవే అనుకుంటున్నాను. పిసక్కుండా కొన కత్తిరించి ఉంటారు. పొడి సరిగ్గా జల్లించకపోయినా, చక్కెర మరీ ఎక్కువైనా కూడా ఇలా అవుతుంది. 100 గ్రాముల పొడికి నేను 30 గ్రాములు మించి చక్కెర వెయ్యను.

మళ్లీ పెట్టొచ్చా అంటే, బయట గంటా రెండు గంటలుంటే నేను పెడతాను. పూట గడిస్తే పెట్టను. కోన్ మీద కలిపిన తేదీ రాసుకో.

తాజాముద్ద
నిజమే, పిసకలేదు. అంతమాత్రాన నా అభిప్రాయం మారదు గానీ, ఆ ఒక్కటీ ఒప్పుకుంటున్నాను.

చిక్కటిరంగు
మీరంతా ముద్ద దగ్గరే ఆగిపోయారు. అసలు గొడవ నూనెది. నాకు నేర్పినావిడ పెట్టే ముందు చేతులకు నీలగిరి తైలం రాసేది. నేనూ రాస్తాను. ఎప్పుడూ బాగా పండింది. ఇక్కడ చాలామంది నూనె తగిలితే పండదంటారు. మరి నాకెలా పండుతోంది?

ప్రయోగశాల
రెండు రకాల నూనెలను ఒకే పేరుతో పిలవడం వల్ల వచ్చిన గొడవ ఇది. వంటనూనె, లోషన్, సన్‌స్క్రీన్ లాంటివి చర్మం మీద జిడ్డు పొరగా మిగిలిపోతాయి. ముద్దలోని తడి ఆ పొర దాటి లోపలికి దిగాలి, దిగలేదు. నీలగిరి, టీ ట్రీ, లావెండర్ లాంటి తైలాలు అలా కాదు, కాసేపటికి ఆవిరై పోతాయి. అందుకే మీకు నష్టం కనిపించడం లేదు. కానీ లాభం కూడా వాటిని చర్మానికి రాస్తే కాదు, ముద్దలో కలిపితే వస్తుంది. 100 గ్రాముల పొడికి 30 మిల్లీలీటర్ల దాకా కలిపేవాళ్లున్నారు. పలచన చెయ్యని తైలాన్ని నేరుగా చర్మానికి రాస్తే కొందరికి మంట, దద్దుర్లు వస్తాయి. చిన్నపిల్లలకైతే నీలగిరి పూర్తిగా మానండి.

సన్నగీత
దీన్ని నా చేతులమీదే చూశాను. ఎడమ అరచేతికి నీలగిరి తైలం తుడిచాను, కుడిదానికి ఏమీ రాయలేదు. ఒకే కోన్, ఒకే పువ్వు, ఎనిమిది గంటలు ఉంచి గీరేశాను. రెండు రోజుల తర్వాత పక్కపక్కన పెట్టి ఎండలో చూస్తే తేడా పట్టుకోలేకపోయాను. కానీ గీసేటప్పుడు తేడా తెలిసింది. ఎడమచేతి మీద మొదటి గీత నిలబడకుండా జారింది, రేకు మొదలు వంకరపోయింది. అప్పటినుంచి చర్మానికి రాయడం మానేశాను.

చర్మం తయారీ అంటే నా దృష్టిలో ఇంతే. మృతకణాలు పోవడానికి రుద్దుకోవడం ముందు రోజే అయిపోవాలి. పెట్టే గంటలో రుద్దితే చర్మం కందుతుంది. ఆ రోజు లోషన్, సన్‌స్క్రీన్ ఏదీ వద్దు. మోచేతుల దాకా సబ్బుతో కడిగి, బట్టతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. చేతులు చెమట పట్టేవాళ్లకు పక్కన పొడి బట్ట ఉంచుతాను. మానిక్యూర్ లాంటివి ముందే కానివ్వండి. తర్వాత చేయించుకుంటే కష్టపడి పండించిన పైపొరను వాళ్లు గీకేస్తారు. ఈ చివరి మాట ఎన్నిసార్లు చెప్పినా మరిచిపోయేవాళ్లే ఎక్కువ, అందుకే నాకు బాధ.

చిక్కటిరంగు
మరి వ్యాక్సింగ్? నేను అదే రోజు పొద్దున చేయించుకుని రమ్మంటాను. వెంట్రుకలుంటే ముద్ద చర్మానికి సరిగ్గా ఆనదు.

సన్నగీత
వెంట్రుకల సంగతి నిజమే. కానీ వ్యాక్సింగ్ వెంట్రుకలతోపాటు పైపొరను కూడా కొంత లాగేస్తుంది, రంగు పట్టేది ఆ పొరకే. తాజాగా లాగిన చర్మానికి నిమ్మరసం కలిపిన ముద్ద తగిలితే మంట కూడా. ముందు రోజు చేయించుకోమంటాను.

చిక్కటిరంగు
నా దగ్గర ఎవరూ మంట అనలేదు. దీనిమీద మీతో ఏకీభవించలేను.

వేగంవేగం
ఇంత శ్రమ ఎందుకండీ? ఫ్రిజ్ అక్కర్లేని రెడీమేడ్ కోన్లు దొరుకుతాయి, నెలలు నెలలు షెల్ఫ్‌లో ఉంటాయి, గంటలో నల్లగా పండుతుంది. తాజానా, ఫ్రీజరా అన్న బెంగే లేదు.

పాతగాయం
దయచేసి ఆ సలహా ఇవ్వకండి. నేను మామూలుగా రాయను, చదువుతాను అంతే. ఇది చూసి రాస్తున్నాను.

నాకు అలాంటి కోన్‌తోనే పెట్టారు. గంటలో నల్లగా వచ్చింది, మురిసిపోయాను. మర్నాటికి దురద. మూడో రోజుకు డిజైన్ మొత్తం పైకి లేచింది. ఆకు ఉన్నచోట ఆకు ఆకారంలో, తీగ ఉన్నచోట తీగ ఆకారంలో పొక్కులు. అవి మానాక కూడా తెల్లటి మచ్చగా ఆ తీగ నెలల పాటు ముంజేతి మీద ఉండిపోయింది. డాక్టరు చెప్పింది, అందులో పారాఫెనిలిన్‌డయమీన్, అంటే పీపీడీ కలిసి ఉంటుందని, జుట్టు రంగుల్లో వాడేది అదేనని. ఒకసారి ఈ అలెర్జీ వచ్చాక జుట్టుకు అలాంటి రంగు వేసుకోవడం జన్మలో కుదరదంది.

అసలైన గోరింటాకు నల్లగా పండదు. గంటలోనూ పండదు.

ప్రయోగశాల
పాతగాయం గారి ప్రతి మాటా సరైనదే. తీసిన వెంటనే నారింజ, తర్వాత ఒకటి రెండు రోజుల్లో గాలికి ముదిరి ఎరుపు, గోధుమ. అది గోరింటాకు నడక. బయట పెడితే రెండు మూడు రోజుల్లో నీరసించే పదార్థం నెలలు షెల్ఫ్‌లో బలంగా ఉందంటే అందులో పనిచేస్తున్నది ఆకు కాదు. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ గోరింటాకును జుట్టు రంగుగా మాత్రమే అనుమతించింది, చర్మానికి కాదు. యూరప్‌లో పీపీడీకి జుట్టు రంగులో 2 శాతం పరిమితి ఉంది. చర్మం మీద బొమ్మలు గీయడానికి దాన్ని వాడకూడదు.

ఇంకో హెచ్చరిక. జీ6పీడీ లోపం, అంటే పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు అసలైన గోరింటాకు కూడా ప్రమాదమే. ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. పసిపిల్లలకు పెట్టకండి, వాళ్లకు ఆ లోపం ఉందో లేదో మనకు తెలియదు.

వేగంవేగం
ఇది నాకు తెలియదు. ఇంట్లో రెండు కోన్లున్నాయి, పారేస్తున్నాను. పాతగాయం గారూ, రాసినందుకు థ్యాంక్స్ అండి.

కొత్తకోన్
నిన్న పెట్టాను. మీరు చెప్పినట్టే సంచి తెరవకుండా ఉంచి, బాగా పిసికాను. ఒక్క చుక్క నీరు కారలేదు. వాళ్లు రాత్రంతా ఉంచుకున్నారు, పొద్దున నీళ్లు తగలనివ్వకుండా గీరేసుకోమని చెప్పాను. ఇప్పటికి ముదురు నారింజలో ఉంది.

తాజాముద్ద
పది రోజుల తర్వాత వచ్చాను. మాటలతో తేలదని ఒకే ముద్దను రెండుగా చేశాను. పదో గంటకు చుక్క పరీక్ష చేసి, సగం వెంటనే ఫ్రీజర్‌లో పెట్టాను, సగం అదే రోజు నా ఎడమచేతికి పెట్టుకున్నాను. వారం తర్వాత ఫ్రీజర్‌ది కరిగించి, పిసికి, కుడిచేతికి పెట్టుకున్నాను. రెండుసార్లూ సబ్బుతో మోచేతి దాకా కడిగాను, ఎనిమిది గంటలే ఉంచాను. మూడో రోజు తీసిన ఎడమచేతి ఫొటో పక్కన ఇవాళ కుడిచెయ్యి పెట్టి చూశాను.

అరచేతుల్లో తేడా లేదు. ఉందని రాయాలనిపించింది గానీ, లేదు. ముంజేతిపై ఫ్రీజర్‌ది కాస్త లేతగా ఉన్నట్టు నాకు అనిపిస్తోంది, మా అమ్మకు అనిపించలేదు. గీతలు మాత్రం తాజా ముద్దతోనే నున్నగా వచ్చాయి, ఆ మాట మీద ఉన్నాను. సన్నగీత గారూ, ఇదే మూడు నెలల ముద్దతో చేద్దామని ఒక కోన్ ఫ్రీజర్‌లోనే ఉంచాను. తేదీ రాశాను.