సముద్రం పక్క ఇంట్లో బల్లకి ఇనప కాళ్ళా, చెక్క కాళ్ళా?

లాసన్స్ బే కాలనీ:
మాది విశాఖలో సముద్రం పక్క ఇల్లు. పడగ్గదికి కొత్త తలుపు పెట్టించాం. తీసేసిన పాత ఫ్లష్ డోర్ బాగానే ఉంది. ఆరున్నర అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, 30 మిల్లీమీటర్ల మందం. ఇంటర్ చదివే మా అమ్మాయికి దాన్నే చదువుకునే బల్ల చేద్దామనుకుంటున్నాను. వెల్డింగ్ షాపులో స్క్వేర్ పైపు కాళ్ళు రెండు రోజుల్లో ఇస్తామన్నారు. మా నాన్నగారు మాత్రం "కిటికీ ఊచలు చూస్తున్నావుగా, మళ్ళీ ఇనుమేనా?" అంటున్నారు. ఏం చేయమంటారు?

గాజువాక:
ఇనుమే పెట్టించండి. ఇరవై ఏళ్ళుగా ఫ్యాబ్రికేషన్ పనిలో ఉన్నాను. తొందరపాటు పనికే తుప్పు తొందరగా పడుతుంది. వెల్డింగ్ మచ్చలు గ్రైండింగ్ చేయకుండా, జిడ్డు తుడవకుండా పెయింట్ కొట్టేస్తే కొన్నాళ్ళకే పొక్కులు లేస్తాయి. శుభ్రం చేశాక తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ రెండు కోట్లు, ఆపైన ఎనామిల్ రెండు కోట్లు వేయించండి. పైపు కింది మూతి వెల్డింగుతో మూయించి రబ్బరు బుష్ తొడగాలి. లేదంటే ఇల్లు తుడిచిన నీళ్ళు లోపలికి పోయి పైపుని లోపల్నుంచి తినేస్తాయి.

పెదవాల్తేరు:
గురువుగారూ, మీరు పని తెలిసి చెబుతున్నారు. అయినా నేను చెక్కే అంటాను. మా ఇంట్లో పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి వేడితో పట్టించే పూత) వేసిన ఇనప కాళ్ళ బల్ల ఉండేది. స్క్రూ బిగించిన చోట గోటంత గీత పడింది, అంతే. సముద్రం నుంచి వచ్చి పేరుకున్న ఉప్పు, గాలిలోని తేమని లాక్కుంటుంది. వాన లేకపోయినా ఆ చోటు తడిగానే ఉంటుంది. అక్కణ్ణుంచి తుప్పు కోటింగ్ కిందుగా పాకింది. నాలుగో ఏడు విప్పబోతే స్క్రూ తల పొడై రాలింది. కాళ్ళు ఆనిన చోట గచ్చు మీది మరకలు ఎంత తోమినా పోలేదు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి మా పాత పెంకుటిల్లు కూలింది. దాని టేకు గుమ్మం దాచి ఉంచాం. ఆ కలపతోనే కాళ్ళు చేయించాను. వడ్రంగి చిత్రిక పడుతుంటే నల్లబడిన పైపొర కింద తేనె రంగు బయటపడింది, వసారా అంతా టేకు వాసన! ఆయన కాళ్ళని నేరుగా పలకకి బిగించలేదు. ముందు పలక కింద మూడంగుళాల పట్టీలతో చట్రం కట్టి, దాని మూలల్లో కాళ్ళు కూర్చి బోల్టులు వేశాడు. మోచేతులు ఆనించి రాసినా ఊగదు.

గాజువాక:
టేకు గుమ్మం అందరి అటక మీదా ఉండదు కదండీ. బజార్లో కొన్న చెక్క సరిగా ఆరకపోతే వంకర్లు పోతుంది, చెదల భయం వేరే. ఒకటి ఒప్పుకుంటాను. స్క్రూలు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయాలి. మామూలువి వేస్తే చెక్క బల్లకీ మీ పాత బల్ల గతే.

పెదవాల్తేరు:
అది నిజం, మావి స్టెయిన్‌లెస్సే. లాసన్స్ బే వారూ, ముందు తలుపు తట్టి చూడండి. డొల్ల చప్పుడొస్తే మధ్యలో స్క్రూ పట్టదు, అంచుల్లోని గట్టి చెక్కలోకే వేయాలి. కాళ్ళు రెండు వైపులా ఎనిమిదేసి అంగుళాలు లోపలికి జరిపితే మధ్యలో అంతగా కుంగదు. ఎత్తు 29 అంగుళాలు చాలు.

లాసన్స్ బే కాలనీ:
తట్టి చూశాను, గట్టిదే. నాన్నగారు పాత ఇళ్ళ కలప అమ్మేచోట అడిగొస్తానని బయల్దేరారు. వెల్డింగ్ షాపుకి ఇంకా వద్దని చెప్పలేదు. తాళం కన్నం గోడ వైపుకి పెడితే టేబుల్ లైటు వైరు అందులోంచి తీయచ్చని మా అమ్మాయి అంటోంది. దాన్ని మూయించట్లేదు.